వెనక నిలబడి చూసినవాళ్ళు కాన్సర్ట్ చూసినట్టు కాదా?

మబ్బుచాటు
చాలా ఏళ్ళుగా కలిసి తిరిగే ఐదుగురు స్నేహితులం మేము. ఈమధ్య అందరం కలిసి ఒక పెద్ద ఓపెన్ గ్రౌండ్ కాన్సర్ట్‌కి వెళ్ళాం. గేట్లు తెరవగానే ముగ్గురు స్టేజీ వైపు పరుగు తీశారు. మాలో ఒకమ్మాయికి ఇరుకు గుంపులో ఊపిరాడదు, అందుకని తనూ నేనూ వెనక సౌండ్ మిక్సింగ్ టెంటు పక్కన కాస్త ఖాళీ చూసుకుని నిలబడ్డాం. ముందే అనుకున్న ఏర్పాటే, దాని గురించి ఎవరి మీదా కోపం లేదు.

చివర్లో గాయకుడు పాడటం ఆపి మైకు జనం వైపు తిప్పాడు. మైదానం మొత్తం పాట అందుకుంది. నాకు గొంతు పూడుకుపోయింది, పాడదామంటే మాట రాలేదు, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతూనే ఉన్నాయి. పక్కకి చూస్తే తనూ అంతే. ఇద్దరం చేతులు పట్టుకుని అలాగే ఉండిపోయాం. అది దుఃఖం కాదు, సంతోషం అని కూడా చెప్పలేను.

బయట కలిశాక ఆ ముగ్గురూ ఎగురుకుంటూ వచ్చి అన్న మొదటి మాట "అయ్యో, అసలైంది మిస్సయ్యారే!" అప్పటి నుంచి మా గ్రూపులో అదే ధోరణి. ముందున్నవాళ్ళకే తెలుస్తుందట. మేం ఏమైనా చెప్పబోతే "స్క్రీన్ చూసి ఏడ్చారా" అని నవ్వు. నాకు నిజంగా బాధగా ఉంది. ముందు నిలబడితేనే కాన్సర్ట్ చూసినట్టా? మరి వెనక మాకు కలిగిందేమిటి?

తూనీగ
ఏడుపొచ్చిందంటే చూసినట్టే. నా ఓటు వెనకవాళ్ళకి.

మొదటివరుస
నా పేరులోనే ఉంది కదా, ఆ ముగ్గురి తరఫున నేను మాట్లాడతాను. నవ్వడం తప్పు, దాన్ని సమర్థించను. కానీ ముందు ఉండేది వేరే లోకమండీ, ఒప్పుకోవాలి. పాడే మనిషి నుదుటి మీద చెమట కనిపిస్తుంది. పై స్థాయి అందుకునే ముందు ఛాతీ నిండా గాలి పీల్చుకోవడం కనిపిస్తుంది. గిటార్ వాయించే మనిషి డ్రమ్మర్ వైపు చూసి నవ్వితే ఆ నవ్వు ఎందుకో మీకూ అర్థమవుతుంది. స్క్రీన్ మీద ఇవన్నీ కెమెరామన్ ఎంచినంత వరకే. నేను ఎండలో గంటల తరబడి లైన్లో నిలబడేది దీనికోసమే, ఇంకెవరినో తక్కువ చేయడానికి కాదు.

సౌండ్‌టెంట్
మబ్బుచాటు గారూ, మీరు నిలబడ్డ టెంటులో పనిచేసేది నాలాంటివాళ్ళే, అందుకని చెబుతున్నా. పాట ఎలా వినపడాలన్నది తేల్చేది అక్కడ కూర్చున్న మనిషి చెవులే. గొంతు ఎంత, బేస్ ఎంత, వయొలిన్ ఎక్కడ పైకి రావాలి, అన్నీ ఆ చోటు నుంచి విని సర్దుతాం. స్టేజీకి ఆనుకుని ఉన్నవాళ్ళకి పైన వేలాడే పెద్ద స్పీకర్ల శబ్దం చాలావరకు తల మీదుగా వెళ్ళిపోతుంది. వాళ్ళ కోసమే స్టేజీ అంచున చిన్న స్పీకర్లు పెడతాం. అయినా అక్కడ డ్రమ్ముల మోత నేరుగా, బేస్ అతిగా, గొంతు కాస్త పలచగా వినిపించడం మామూలే. పాట వినడం లెక్క అయితే మీ ఇద్దరికే మంచి చోటు దొరికింది.

మొదటివరుస
@సౌండ్‌టెంట్ వినడం ఒప్పుకుంటా. కానీ బేస్ అతిగా ఉండటం లోపం ఎలా అవుతుంది? అది పక్కటెముకల్లో మోగుతుంటే వచ్చే అనుభూతి కోసమే కదా సగం మంది ముందుకొచ్చేది!

బండరాయి
నేనొక్కణ్ణే వేరుగా అంటానేమో. ఇంట్లో మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ముందు వెనక అన్న గొడవే ఉండదు. అంతమంది మధ్య ఏడుపు రావడం సంగీతం గొప్పదనం కాదు, గుంపు ప్రభావం. పదిమంది అరిస్తే మనమూ అరుస్తాం, పదిమంది ఏడిస్తే మనమూ ఏడుస్తాం. దాన్ని మరీ పవిత్రంగా చూడక్కర్లేదని నా అభిప్రాయం.

పుస్తకాలపురుగు
బండరాయి గారు గుంపు ప్రభావం అన్నది నిజమే, కానీ అది చిన్న విషయమేమీ కాదు. ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్కైమ్ 1912లోనే దీని గురించి రాశాడు. ఒకే చోట చేరి ఒకే పని కలిసి చేసే మనుషుల్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఎప్పుడూ రాని ఉద్వేగం పుడుతుందని, తమకంటే పెద్దదేదో తమని పట్టుకుని నడిపిస్తోందని వాళ్ళకి అనిపిస్తుందని అన్నాడు. ఆయన చెప్పింది ఆరాధనల గురించి, కానీ మైదానంలో వేలమంది ఒకే పల్లవి పాడటానికీ అది అతికినట్టు సరిపోతుంది.

శరీరంలోనూ ఏదో జరుగుతుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 2013లో బృందగానం చేసేవాళ్ళ గుండె వేగాన్ని కొలిచారు. కలిసి పాడుతుంటే వాళ్ళ గుండె వేగాలు దాదాపు ఒకేసారి పెరుగుతూ తగ్గుతూ వచ్చాయి. ఇందులో మాయ లేదు. పాటలో వాక్యం ఎక్కడ ముగిస్తే అక్కడే అందరూ ఊపిరి తీసుకోవాలి, ఊపిరి తీసేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరిగి, వదిలేటప్పుడు తగ్గుతుంది. ఊపిరి కలిసినప్పుడు గుండె కూడా ఆ లయలో పడుతుంది. మబ్బుచాటు గారు పాడలేకపోయినా లోలోపల ఆ వాక్యాలతో పాటే ఊపిరి తీసి ఉంటారు.

బండరాయి
@పుస్తకాలపురుగు బృందగానం అంటే సాధన చేసిన వాళ్ళు. తాళం తప్పుతూ అరిచే జనానికి అదే వర్తిస్తుందా?

పుస్తకాలపురుగు
అంత కచ్చితంగా కలవకపోవచ్చు. కానీ ఉద్వేగానికి కచ్చితత్వం అవసరం లేదు కదా.

సౌండ్‌టెంట్
తాళం తప్పడం గురించి ఒక మాట. అందులో జనం తప్పు చాలా తక్కువ. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళుతుంది. స్టేజీకి 170 మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకి అక్కడి దెబ్బ అర సెకను ఆలస్యంగా చేరుతుంది. అందుకే పెద్ద మైదానాల్లో మధ్యమధ్యలో టవర్లు కట్టి స్పీకర్లు పెడతాం. వాటిలోంచి వచ్చే శబ్దాన్ని కావాలనే కాస్త ఆలస్యం చేస్తాం, ముందు నుంచి గాల్లో వచ్చే శబ్దంతో అది కలిసిపోవాలని. అయినా వెనకవాళ్ళ చప్పట్లు ముందుకి చేరేసరికి ఆలస్యమవుతాయి. పాడేవాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడానికి ఇదీ ఒక కారణం, లేకపోతే జనం పాట విని వాళ్ళ తాళం కూడా జారిపోతుంది. ఆ ఇయర్‌ఫోన్స్ వల్ల బయటి శబ్దం మూసుకుపోయి ఒంటరిగా అనిపిస్తుందని చాలామంది గాయకులు చెబుతారు. అందుకని స్టేజీ అంచున జనం వైపు తిప్పి మైకులు పెట్టి, ఆ హోరుని వాళ్ళ చెవుల్లోకి కొంచెం కలుపుతాం. మీరు వెనక నుంచి పాడినా అది వాళ్ళకి చేరే మోతలో భాగమే.

వెన్నెలదారి
ఇది నాకు తెలియదు! వెనక నుంచి గొంతు చించుకుని పాడేవాళ్ళందరి తరఫున ధన్యవాదాలు.

తూనీగ
మా గ్రూపులో ఒకడికి ఏ మైకూ అక్కర్లేదు. వాడు ముందు నిలబడి పాడితే టవర్ల దాకా వినిపిస్తుంది.

అర్ధరాత్రి_రైలు
బండరాయి గారి మాటకి నా సమాధానం ఇది. నాకు ఒక స్నేహితుడు ఉండేవాడు. ఒకే గాయని పాటలు ఇద్దరం పిచ్చిగా వినేవాళ్ళం, ఎప్పటికైనా కలిసి ఆమె కాన్సర్ట్‌కి వెళ్ళాలని అనుకునేవాళ్ళం. వాడు జబ్బుచేసి పోయాడు. ఆ తర్వాత ఆమె కాన్సర్ట్ వచ్చింది. వెళ్ళాలా వద్దా అని చాలా ఆలోచించి, వాడికీ నాకూ తెలిసిన మరో ఇద్దరితో కలిసి వెళ్ళాను. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో ఆ పాట పెట్టుకుంటే వాడు లేడన్న సంగతి తప్ప ఇంకేదీ వినిపించేది కాదు, మధ్యలోనే ఆపేసేవాణ్ణి. అక్కడ మాత్రం వేలమంది ఆ పాట పాడుతుంటే చివరిదాకా వినగలిగాను. నా ఒక్కడి మీద ఉన్న బరువుని చుట్టూ ఉన్నవాళ్ళు తలా కాస్త ఎత్తుకున్నట్టు అనిపించింది, వాళ్ళకి ఆ సంగతి తెలియకపోయినా. పక్కనున్న ఇద్దరూ నా భుజం మీద చెయ్యి వేసి పాడారు. గుంపు ప్రభావం అంటే ఇదే అయితే అది నాకు కావాలి.

బండరాయి
మీ మాట చదివి చాలాసేపు ఆలోచించాను. ఒంటరిగా వినడం అన్నిటికీ సరిపోతుందన్నట్టు రాశాను, సరిపోదని ఒప్పుకుంటున్నా. మీ స్నేహితుడి గురించి వినడం చాలా బాధగా ఉంది.

నీలికలువ
ముందా వెనకా అన్న ప్రశ్న నాకు ఎప్పుడూ ఉండదు. నేను వీల్‌చైర్‌లో వెళతాను, నా చోటు వాళ్ళే నిర్ణయిస్తారు. పక్కన ఎత్తుగా కట్టిన వేదిక ఉంటుంది, అక్కడి నుంచి అంతా బాగానే కనిపిస్తుంది. బాధ ఎక్కడంటే చాలా చోట్ల నాతో పాటు ఒక్కరినే పైకి రానిస్తారు. నలుగురం కలిసి వెళ్ళి ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. మొదటిసారి అలా విడిపోయినప్పుడు పాటలేవీ నా మనసుకి ఎక్కలేదు, కింద ఉన్నవాళ్ళని వెతుకుతూనే గడిపాను. తర్వాత మావాళ్ళు పద్ధతి మార్చారు. పాటపాటకీ ఒకరు దిగి ఇంకొకరు పైకొస్తారు. అక్కడ కాపలా ఉన్నవాళ్ళకి ముందే చెప్పుకుంటారు. ఎవరికి ఏ పాట ఇష్టమో, ఆ పాటకి నా పక్కన వాళ్ళు ఉంటారు. చోటు ఏదైనా ఫర్వాలేదండీ, ఆ పాట వచ్చినప్పుడు తిరిగి చూస్తే మనవాళ్ళ ముఖం కనిపించాలి. మబ్బుచాటు గారి పక్కన ఆ అమ్మాయి ఉంది. నాకైతే అంతకన్నా ముందు వరుస ఇంకోటి లేదు.

వెన్నెలదారి
నీలికలువ అక్కా, పాటపాటకీ మారే పద్ధతి ఎంత బాగుందో. మా గ్రూపుకి పంపిస్తున్నా.

గుంపులో_ఒకడు
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. మబ్బుచాటు గారి స్నేహితురాలు వెనక ఉండటం భయస్థుల లక్షణం కానే కాదు, అది తెలివైన పని. నేను ఇలాంటి కార్యక్రమాల్లో జనాన్ని చూసుకునే పని చేస్తుంటాను. చదరపు మీటరుకి ఐదుగురు దాటారంటే జాగ్రత్త పడాలి. ఏడుగురి దాకా వెళితే ఇక ఎవరి అడుగు వాళ్ళ చేతిలో ఉండదు, జనం మొత్తం ద్రవంలాగా కదులుతుంది. డెన్మార్క్‌లోని రోస్కిల్డె ఉత్సవంలో 2000లో తొమ్మిది మంది, అమెరికాలోని హ్యూస్టన్‌లో 2021 నవంబర్ 5న జరిగిన కార్యక్రమంలో పదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి చోట్ల ఎక్కువమంది తొక్కిసలాటలో నలిగి పోతారని అనుకుంటాం, కానీ ఛాతీ చుట్టూ ఒత్తిడికి ఊపిరి లోపలికి తీసుకోలేకపోవడమే ప్రధాన కారణం. నిలబడి ఉన్నవాళ్ళకి కూడా అలా అవుతుంది.

ముందుకెళ్ళే వాళ్ళకి నేను చెప్పేది ఇదే. చేతులు ఛాతీ ముందు బాక్సింగ్ చేసేవాళ్ళలా పెట్టుకోండి, ఊపిరికి కాస్త చోటు ఉంటుంది. ఒక్కసారిగా తోపు వస్తే ఎదురు తోయొద్దు, దానితో పాటు కదిలి, ఒత్తిడి తగ్గినప్పుడు ఏటవాలుగా అంచు వైపు జరగండి. పక్కవాళ్ళు పడితే వెంటనే లేపండి. స్నేహితుడు "ఇక్కడ నాకు బాగోలేదు" అంటే ఈ ఒక్క పాట అయ్యాక అని బతిమాలకండి, బయటికి నడవండి.

మొదటివరుస
ఇది అందరూ చదవాలి. ఒకసారి బ్యారికేడ్ దగ్గర నా పక్కన ముక్కూ మొహం తెలియని అమ్మాయి తెల్లబోయి నిలబడింది. మేం నలుగురం చేతులు కలిపి చుట్టూ చోటు చేసి, ముందున్న సెక్యూరిటీ మనిషికి చెయ్యూపితే ఆమెని పైకెత్తి అవతలకి తీశారు. ముందుండే వాళ్ళకి ఆ బాధ్యత కూడా ఉంటుంది. ఎగరడం ఒక్కటే కాదు.

పల్లవి_చరణం
ఫోన్ల సంగతి ఎవరైనా మాట్లాడండి. నా స్నేహితురాలు పాట మొత్తం చెయ్యెత్తి వీడియో తీస్తుంది. తర్వాత అడిగితే ఆ పాట గుర్తులేదంటుంది. నాకు కోపం వస్తుంది.

పుస్తకాలపురుగు
@పల్లవి_చరణం దీని మీద 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది, లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మ్యూజియంలో చేశారు. ఊరికే చూసిన వస్తువుల కంటే ఫొటో తీసిన వస్తువుల గురించి జనానికి తక్కువ గుర్తుంది. అయితే ఏదో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ తగ్గుదల కనిపించలేదు. అంటే కెమెరా కంటే ఎక్కువగా మన ధ్యాసే లెక్క. అది మ్యూజియం, కాన్సర్ట్ కాదు, కాబట్టి కొలతలు అలాగే వర్తిస్తాయని అనను.

వెన్నెలదారి
వీడియో తీయకపోయినా మర్చిపోతాం. 2023లో అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ ఎరాస్ టూర్‌కి వెళ్ళొచ్చిన చాలామంది, మూడు గంటలు అక్కడే ఉన్నా ముక్కలు ముక్కలుగానే గుర్తుందని చెప్పుకున్నారు. ఉద్వేగం అంత ఎక్కువైనప్పుడు మనసు అన్నీ పట్టి ఉంచుకోలేదేమో. అదే టూర్లో అమెరికాలోని సియాటిల్ స్టేడియం దగ్గరి భూకంప పరికరంలో ఆ ఊపు నమోదైంది కూడా, దాన్ని 2.3 తీవ్రత భూకంపంతో పోల్చారు. నేల గుర్తుపెట్టుకుంది, మనుషులు మర్చిపోయారు!

అర్ధరాత్రి_రైలు
@పల్లవి_చరణం ఆమె ఒక చిన్న ముక్క తీసుకుంటే తీసుకోనివ్వండి. నా దగ్గర మా వాడి గొంతు ఉన్న వీడియో ఒకటుంది, ఎక్కడో చిన్న వేడుకలో పాడింది, ఊగిపోతూ మసకగా ఉంటుంది. దానికి వెల కట్టలేను. కాకపోతే పాట మొత్తం తీయక్కర్లేదు. స్టేజీ వైపు కాకుండా మీవాళ్ళ వైపు తిప్పి కాసేపు తీయండి.

పల్లవి_చరణం
స్టేజీ వీడియోలు ఎలాగూ వందల మంది పెడతారు. మావాళ్ళ మొహాలు ఇంకెవరూ తీయరు. ఇది చెబుతా తనకి.

మబ్బుచాటు
అందరి మాటలూ చదువుతున్నా. నీలికలువ గారి పోస్టు నా స్నేహితురాలికి చదివి వినిపించాను. తనవల్లే నేను ముందుకి వెళ్ళలేకపోయానని తను లోపల కుమిలిపోతోందట, అది నాకు ఇప్పటిదాకా తెలియదు. ఆ "మిస్సయ్యారే" అన్న మాట నాకంటే తనకే ఎక్కువ తగిలింది.

నిన్న ఐదుగురం ఫోన్లో మాట్లాడుకున్నాం. ముందున్న ముగ్గురిలో ఒకమ్మాయిని అడిగాను, జనం పాడినప్పుడు నీకెలా ఉంది అని. తను చెప్పింది వినండి. ఆ హోరు మొత్తం వెనక నుంచి వచ్చి వీపుకి తగిలిందట, తను వెనక్కి తిరిగిందట. ముందున్న గాయకుణ్ణి వదిలేసి జనాన్నే చూస్తూ ఉండిపోయిందట. చివరిదాకా ఫోన్ల వెలుగులు, ఆ చీకట్లో మేమెక్కడ ఉన్నామో అని వెతికిందట. అదే క్షణంలో మేం వెనక నుంచి ముందుకి చూస్తూ వాళ్ళు ఎక్కడున్నారో అని వెతుకుతున్నాం. ఇది విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. తను కూడా సారీ చెప్పింది. నవ్వింది మాత్రం ఇంకొకరు, ఆ మనిషితో ఇంకా సూటిగా మాట్లాడాల్సి ఉంది.

మొదటివరుస
హోరు వీపుకి తగలడం! ఎన్నిసార్లు అనుభవించానో, ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

సౌండ్‌టెంట్
వెనక ఉన్నవాళ్ళకి ఆ హోరు ముందు పరుచుకున్నట్టు వినిపిస్తుంది. ముందున్నవాళ్ళకి వీపు మీద పడుతుంది. ఇద్దరూ విన్నది ఒకటి కాదు, అందుకే ఒకరికొకరు చెప్పుకోవాలి. ఇంకోటి, చివరి పాటలు అంత బలంగా తగలడానికి రాత్రి కూడా కొంత కారణం. పగలు నేల వేడిగా ఉంటే శబ్దం పైకి వంగిపోతుంది. చీకటి పడి నేల చల్లబడి, పై గాలి ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు అది కిందికి వంగి దూరం దాకా వస్తుంది. గాలి అనుకూలంగా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

తూనీగ
బండరాయి గారూ, ఈసారి మాతో వస్తారా? వెనకే నిలబడదాం.

బండరాయి
చెవులు కాపాడుకునే దారి చెబితే వస్తా. నా అసలు భయం అదే. ఒకసారి వెళ్ళొచ్చాక మర్నాడు కూడా చెవిలో గుయ్‌మని మోగుతూనే ఉంది.

సౌండ్‌టెంట్
@బండరాయి ఆ భయం సరైనదే. శబ్ద తీవ్రత 85 డెసిబెల్స్ ఉన్నచోట ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. కాన్సర్ట్‌లో 100 దాటడం వింత కాదు. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. ఫోమ్‌వి కాపాడతాయి గానీ పాట మొద్దుబారినట్టు వినిపిస్తుంది, సంగీతకారుల కోసం చేసేవి బేస్ నుంచి పై స్థాయి దాకా అన్నిటినీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. స్పీకర్ల గుట్టకి దగ్గరగా మాత్రం ఎప్పుడూ నిలబడకండి. మధ్యమధ్యలో కాసేపు దూరంగా నడిచి వస్తే చెవులకి విశ్రాంతి.

పల్లవి_చరణం
ఇంకో ప్రశ్న. విడివిడిగా నిలబడితే తర్వాత కలవడం ఎలా? అంతమందిలో ఫోన్లు పనిచేయవు కదా.

గుంపులో_ఒకడు
పనిచేయవు అనుకునే వెళ్ళాలి. మొబైల్ టవర్ మీద ఒకేసారి అంత భారం పడితే కాల్ కలవదు, మెసేజ్ ఎప్పుడో చేరుతుంది. లోపలికి అడుగుపెట్టగానే ఎత్తుగా కనిపించే గుర్తు ఒకటి, కలవాల్సిన సమయం ఒకటి ఖాయం చేసుకోండి. మెయిన్ గేటు మాత్రం వద్దు, అందరూ అదే అనుకుంటారు. కలిసే ఉండాలంటే మైదానం మధ్యకి కాస్త వెనకగా, ఒక పక్కకి నిలబడండి. స్టేజీ బాగానే కనిపిస్తుంది, గుంపు పలచగా ఉంటుంది, ఊపిరాడని స్నేహితులు ఎటువైపైనా బయటికి రాగలరు.

మబ్బుచాటు
మా ఐదుగురికీ ఇదే కుదురుతుందేమో. అడుగుతాను. ఒకరిద్దరు ముందుకి వెళ్ళాలంటే మొదటి కొన్ని పాటలు అక్కడ ఉండి, చివరి పాటలకి వెనక్కి వచ్చేలా మాట్లాడుకుంటాం.

మొదటివరుస
ముందు నుంచి మధ్యలో వెనక్కి రావడం తేలికే, అందరూ దారిస్తారు. వెనక నుంచి ముందుకి రావడమే కష్టం. కాబట్టి ఈ ఏర్పాటు కుదురుతుంది. నేను మాత్రం చివరిదాకా బ్యారికేడ్ వదలను, మావాళ్ళకి ముందే చెప్పేశాను.